సైన్యంలో పరిపాలనా న్యాయ సలహా

భారత సైన్యంలో పరిపాలనా విషయాలపై న్యాయ సలహా ఇచ్చే బాధ్యత జడ్జ్ అడ్వొకేట్ జనరల్ శాఖది. కోర్టు మార్షల్ అనగానే గుర్తొచ్చే శాఖే అయినా, ఉద్యోగం నుంచి తొలగింపు, షోకాజ్ నోటీసు, సిబ్బంది ఫిర్యాదుల వంటి విషయాల్లోనూ కమాండర్లు దీని సలహా తీసుకుంటారు. సలహా ఇచ్చేది న్యాయ పట్టా ఉన్న సైనికాధికారి. నిర్ణయం మాత్రం కమాండర్‌దే.

1950 నాటి సైనిక చట్టం, 1954 నాటి సైనిక నియమాలు ఈ సలహాకు ఆధారం. వీటిలో 180వ నియమం చాలా విలువైనది. ఒక హవల్దారు చూసే స్టోరు లెక్కల్లో తేడా వచ్చిందనుకుందాం. దానిపై జరిగే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో, అంటే సైన్యం జరిపే విచారణలో, అతని నడవడికి లేదా సైనిక ప్రతిష్ఠకు మచ్చ వచ్చేలా ఉంటే, విచారణ సాగినంతసేపూ అతను అక్కడ ఉండే అవకాశం ఇవ్వాలి. సాక్షులను అతను ప్రశ్నించవచ్చు, తన సాక్షులను పిలవవచ్చు. ఫైలు చేతికందిన న్యాయాధికారి ముందుగా చూడాల్సింది ఈ అవకాశం ఇచ్చారా లేదా అన్నదే. యూనిఫాం వేసుకున్నవాడికి దక్కే గట్టి రక్షణల్లో ఇదొకటి.

తొలగింపు ఉత్తర్వుకు ముందు సాధారణంగా సంజాయిషీ అడగాలని 17వ నియమం చెబుతుంది. అన్యాయం జరిగిందనుకునేవారు చట్టంలోని 26, 27 సెక్షన్ల కింద ఫిర్యాదు చేసుకోవచ్చు. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన సాయుధ దళాల ట్రిబ్యునల్ సర్వీసు వివాదాలనూ విచారిస్తుంది.