మూలబడిన ఆట

కావ్యము ముగించియు అచ్చునకీయక పెట్టెలో దాచిన కవులను గూర్చి మనము వినియున్నాము. అట్టి గతియే ఒక వీడియో ఆటకును పట్టినది. దాని పేరు స్టార్ ఫాక్స్ 2.

జపానులోని నింటెండో సంస్థ 1993లో స్టార్ ఫాక్స్ అను ఆటను వెలువరించెను. నక్కవీరుడొకడు అంతరిక్షనౌక నెక్కి శత్రువులతో పోరుటయే అందలి కథ. నాటి సూపర్ ఫామికామ్ యంత్రమునకు లోతుగల రూపములను వేగముగ గీయు శక్తి స్వతహాగా లేదు. బ్రిటనునందలి ఆర్గొనాట్ సంస్థవారు సూపర్ ఎఫ్ఎక్స్ అను చిప్పును రూపొందించి, ఆట కార్ట్రిడ్జిలోనే అమర్చి, ఆ లోటు దీర్చిరి.

రెండవ ఆట ఇంకను సాహసోపేతమైనది. దాని ప్రధాన ప్రోగ్రామరు బ్రిటిషు యువకుడగు డిలన్ కత్‌బర్ట్. నిర్మాత షిగెరు మియమోటో. మొదటి ఆటలో నౌక చాలవరకు నిర్ణీత మార్గముననే సాగును. ఇందు ఆటగాడు పటము చూచి తానే దారి నెన్నుకొనవలెను. అతడొకచోట పోరాడుచుండగనే శత్రువుల క్షిపణులు కార్నేరియా గ్రహమువైపు కదలుచుండును.

1995 నాటికి ఆట దాదాపు పూర్తియయ్యెను. కాని 1994 చివరనే సెగా శాటర్న్, సోనీ ప్లేస్టేషన్ అను నూతన యంత్రములు జపానులో విక్రయమునకు వచ్చియుండెను. వాటి చిత్రముల ముందు పాత యంత్రపు చిత్రములు వెలవెలబోవును. నింటెండోవారి సొంత కొత్త యంత్రము నింటెండో 64 సైతము 1996లో రానుండెను. పాత యంత్రపు ఆటలకును కొత్తవాటికిని నడుమ స్పష్టమైన భేదముండవలెనని మియమోటో కోరినట్లు కత్‌బర్ట్ తరువాత తెలిపెను. ఆట మూలబడెను, తన దోషమువలన గాదు, కాలము ముందునకు నడచుటవలన.

అయినను ఆ శ్రమ వ్యర్థము కాలేదు. నలుదెసలకు స్వేచ్ఛగా తిరిగి పోరాడు పద్ధతి 1997లో స్టార్ ఫాక్స్ 64నకు సంక్రమించెను. పటముపై వ్యూహము పన్ను పద్ధతి 2006లో స్టార్ ఫాక్స్ కమాండ్ ఆటయందు మరల కానవచ్చెను. దానిని నిర్మించినది కత్‌బర్ట్ క్యోటోలో స్థాపించిన సంస్థయే.

తుదకు 2017 సెప్టెంబరులో, పాత యంత్రమునకు చిన్న ప్రతిరూపమును విక్రయించుచు, నింటెండోవారు అందలి 21 ఆటలలో దీనిని గూడ చేర్చిరి. 1995లో దీనికై ఎదురుచూచిన బాలురు ఆపాటికి నడివయస్సు సమీపించిరి. 22 సంవత్సరములు విడుదలకాని పని వారి చేతికందినదన్నచో, దానిని పారవేయక పదిలపరచుటయే కారణము. నేడు పనికిరాదని తోచిన దానిని గూడ భద్రపరచుట ఎంత అవసరమో ఈ చరిత్ర తెలుపుచున్నది.