మంజీరా సీమ ఆటగాండ్రకు చరిత్రకారుడు

నిజాంసాగరమునకు చేరువను, మంజీరా నీటితో పండు వరిచేల నడుమ నున్న మా మహమ్మద్‌నగర్ ప్రభుత్వపు లెక్కలలో కొత్త మండలము, జనుల నోట పాత ఊరు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణమును గూర్చియు, దానికి సూత్రధారియైన నవాబు అలీ నవాజ్ జంగును గూర్చియు, ఆ జలాశయము తడుపవలెనని సంకల్పించిన 2,75,000 ఎకరములను గూర్చియు తెలిసికొనగోరువారికి దస్తావేజులు గలవు. 2016లో నిజామాబాదునుండి కామారెడ్డి జిల్లా విడివడుటయు, 2022లో నిజాంసాగర్ మండలమునుండి మా మండలము విడివడుటయు ఉత్తరువులకెక్కినవి. పంట యింటికి వచ్చిన పిమ్మట ఊరి నడుమ తెల్లవార్లు ఆడి, రాజులను రాణులను రాక్షసులను మా యెదుట నిలిపిన ఆటగాండ్రు మాత్రము ఏ ఉత్తరువునకు ఎక్కుదురు? ఊరి చరిత్ర వ్రాయబూనినవాడు చెరువులను, గుళ్లను, పట్టాలను లెక్కించి ఊరకుండిన యెడల ఆ చరిత్ర సగమే యగును.

కవికి గల భాగ్యము నటునకు లేదు. మాకు అనతిదూరముననున్న దోమకొండ సంస్థానమును ఏలిన కామినేని వంశమున మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రమును రచింపగా, ఆయన సోదరుడు ఎల్లారెడ్డి బాలభారతమును, లింగపురాణమును రచించెను. శతాబ్దములు గడచినను ఆ కావ్యములు నిలిచియుండుటచే ఆ కవులును నిలిచియున్నారు. మల్లారెడ్డి కావ్యమునగల ఆరుగురు చక్రవర్తులలో హరిశ్చంద్రుడొకడు. ఆ హరిశ్చంద్రునే 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయ నాటకమున ప్రవేశపెట్టగా, ఊరూర శ్మశానఘట్టమగు కాటిసీను పద్యములు మారుమ్రోగినవి. కావ్యమును మనము నేటికిని చదువగలము, నాటకమును కొని తెచ్చుకొనగలము. కాని ఆ కాటిసీనులో ఫలానా రాత్రి, ఫలానా నటుడు రాగమును ఎంత సేపు సాగదీసెనో, ఏ పదమునొద్ద గొంతు వణకించెనో, జనులు ఎన్నిమారులు వన్స్‌మోరని కేకలు వేసిరో చూచినవాడెవడైన వ్రాసిపెట్టినగాని తెలియదు. అందుచేతనే నాటకకర్త యెంత ముఖ్యుడో నటుల జీవితములను వ్రాయువాడును రంగస్థలమునకు అంత ముఖ్యుడు.

ఈ రెండు పనులును ఒక్కచేతి మీదుగ నడపిన వారిలో ఆంగ్లదేశీయుడు జేమ్స్ బోడెన్ చెప్పుకొనదగినవాడు. 1762లో జన్మించిన యీతడు లండనునగరమున పత్రికా సంపాదకుడై, పిమ్మట నాటకకర్తయై, 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ నవలనొకదానిని ఫాంటెన్‌విల్ ఫారెస్ట్ అను నాటకముగ మార్చి, నవలలో లేని నిజమైన ప్రేతమును రంగస్థలముపైకి తెచ్చెను. ఆ నాటకములను ఇప్పుడు ప్రదర్శించువారు అరుదు. కాని వార్ధక్యమున నతడు వ్రాసిన నటుల జీవితచరిత్రములు, అనగా 1825లో కెంబుల్, 1827లో సిడన్స్, 1831లో జోర్డన్, 1833లో ఇంచ్‌బాల్డ్ చరిత్రములు, ఆ కాలపు రంగస్థలమును తెలియగోరువారు నేటికిని తెరచి చూచు గ్రంథములు. తన ప్రేతమును పలుచని తెర వెనుక నుంచి, అది మనిషియని తోపకుండ ఎట్లు చూపినదియు కెంబుల్ చరిత్రముననే చెప్పుకొనినాడు. నాటకప్రతిలో కానరాని ఆ కిటుకు జీవితచరిత్రమున దక్కినది.

తెలుగునాట ఈ భారమును తలకెత్తుకొనినవారు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు. చలనచిత్రములను చూచువారికి 1957 నాటి మాయాబజారులో కర్ణుడుగ వీరు పరిచితులే. అయితే గుంటూరు జిల్లా లింగాయపాలెమున జన్మించి, కపిలవాయి రామనాథశాస్త్రిగారి యొద్ద నటన నేర్చి, ప్రజానాట్యమండలి యను నాటకసంస్థలో చేరి ఊరూర తిరిగిన ఈ నటుడు తనకన్న ముందు నడచిన నటులకును, తనతో నడచిన నటులకును చరిత్రకారుడై నిలిచెనని ఎరిగినవారు తక్కువ. వీరు నటరత్నాలు అను పేర వ్రాసిన జీవితచిత్రములలో ప్రసిద్ధులును గలరు, ఒక జిల్లా దాటి పేరు వినబడని వారును గలరు. ప్రసిద్ధునకు ఎవడైన ఒక పుట వ్రాయును. అప్రసిద్ధుని పేరు వెదకి పట్టుకొని, అతని గురువెవరు, ఏయే వేషములు కట్టెను, ఏ సమాజమున ఆడెను అని విచారించి అచ్చువేయుట అభిమానము మాత్రమే చేయింపగల పని కాదు, అందులకు ఓర్పు వలయును. తెలుగు విశ్వవిద్యాలయము 1992లో ప్రకటించిన తెలుగువారి జానపద కళారూపములను గూర్చిన గ్రంథమున వీరే పట్టణపు పందిరి దాటి, పల్లెలలోని ఆటలను, పాటలను, మేళములను వరుసపెట్టి వర్ణించిరి. 2011లో వీరు స్వర్గస్థులగునప్పటికి, వీరి కలము పట్టి యుంచకున్నచో మరుగున పడియుండెడి ఎందరో నటులు పుస్తకములలో స్థిరపడియుండిరి.

వీరి ప్రజానాట్యమండలికిని మా తెలంగాణమునకును ఒక ముడి గలదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల మాభూమి నాటకము 1947లో వెలువడినది. తెలంగాణపు రైతు దేశముఖునెదిరించి పోరాడిన కథయే దాని వస్తువు. ఆంధ్రప్రాంతమున దళములు దళములుగ ఆడిన ఆ నాటకమును మదరాసు ప్రభుత్వము నిషేధించినది. ఇక నిజాము రాజ్యమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అమలులోనున్న దినములలో అనుమతి లేనిదే నలుగురు కూడుటయే దుర్లభము. అట్టిచో మా రైతు కథను మా రైతు ముందర ఆడుట యెక్కడిది? మా బ్రతుకు నాటకమైనది గాని, ఆ నాటకము మా వాకిటికి రాలేకపోయినది. అయినను ఆ కాలమున మా పల్లెలు ఆటలేక మూగవోయినవని తలచుట పొరపాటు. చెర్విరాల భాగయ్య వంటి కవులు వ్రాసిన యక్షగానములను పల్లె యువకులు గురువునొద్ద నేర్చి, పనులు తీరిన దినములలో భాగోతములుగ ఆడుచుండిరి. వానికి మించి మా నిజామాబాదు సీమకు సొంతమై వెలసినది చిందు భాగవతము.

చిందు మేళము ఊరికి వచ్చుట యనగా ఒక కుటుంబము తనకు వంశపారంపర్యపు హక్కుగల మిరాశి గ్రామమునకు వచ్చుట. ఆ కళాకారులు దళితులలో దళితులు. వారిని పోషించునది ప్రధానముగ మాదిగవాడ. మోమున అర్దళపు రంగు పూసికొని, తేలిక కట్టెతో చెక్కిన కిరీటములు, భుజకీర్తులు ధరించి, మద్దెల తాళముల నడుమ వారు సారంగధరుని, చెంచులక్ష్మిని, మైరావణుని కథలను ఆడుదురు. మాదిగల కులపురాణమగు జాంబపురాణము చెప్పి, ఎల్లమ్మ దేవత వేషముతో ముగింతురు. నటుడు, గాయకుడు, వేషము తీర్చువాడు, వంట వండువాడు అందరును ఆ కుటుంబమువారే. పట్టణ రంగస్థలమున స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీవేషములతో కీర్తిగాంచిన కాలముననే, సురభి కుటుంబములలో వలెనే చిందు మేళములలోను స్త్రీలు స్వయముగ గజ్జె కట్టిరి. స్త్రీలు నాటకములాడవచ్చునా అని పట్టణపు పెద్దలు వాదించుకొను దినములలో, చిందు తల్లి బిడ్డను చంక దించి వేషము కట్టుచుండెను.

ఆ తల్లులలో అగ్రగణ్య బోధను ప్రాంతపు ఆమ్దాపూరు నివాసిని చిందుల ఎల్లమ్మ. చిన్ననాడే రంగమునకెక్కి, ఎల్లమ్మ వేషమునకే పేరుపడి, పల్లెవాకిలినుండి రాజధాని వేదికవరకు చిందును నడిపించిన ఆమె 2005లో కన్నుమూసెను. ఆమె నోట చెప్పగా విని వ్రాసిన జీవితకథ పుస్తకరూపమున వెలువడుట మన సీమ చేసికొనిన పుణ్యము. అక్షరమెరుగని నటికిని చరిత్ర కలదనియు, ఆ చరిత్రను ఆమె మాటలలోనే నిలుపవచ్చుననియు ఆ పుస్తకము రుజువు చేసినది. అయినను ఒక్క ఎల్లమ్మ చరిత్రముతో మేళమంతయు దక్కినదా? ఆమె వెనుక మద్దెల మోగించినవారు, ఆమెకు వంతపాడినవారు, మంజీరకు ఈవల పల్లెలలో ఆడిన తక్కిన కుటుంబములవారు ఇంకను మిగిలియేయున్నారు.

ఇట్టివారిని వెదకి పట్టు మార్గము మనకు కొత్త కాదు. తెలంగాణమున కవులు పూజ్యమని ఒకరు వ్రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. వారు స్వయముగ ఉచ్ఛలవిషాదము, భక్త తుకారాం నాటకములను రచించిన నాటకకర్తలు. 1926లో ఆరంభమైన గోలకొండ పత్రికకు సంపాదకులు. పత్రిక ద్వారమున ఊరూరికిని విన్నపము పంపి, 354 మంది కవుల రచనలను, జీవితవిశేషములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి.  సంపాదకుడొక్కడే, సహాయకులు పెక్కురు. సంగ్రహము జరిగిన తీరు అది. ప్రతాపరెడ్డిగారు కవులకును, మిక్కిలినేనివారు నటులకును చేసిన మేలును మంజీరాతీరపు ఆటగాండ్రకు చేయుటయే మన తరమునకు మిగిలిన పని.

ఇందులకు పండితులు దిగిరానక్కరలేదు. మా మండలపు ఉపాధ్యాయులును, కళాశాలలలో చదువు పిల్లలును తమ తాతలనొద్ద కూర్చుండి, ఊరికి ఏ మేళము వచ్చుచుండెను, ఏ ఇంటివారు సంభావన ఇచ్చుచుండిరి, భాగోతము నేర్పిన గురువెవరు, ఎవరు ఏ వేషమునకు పేరొందిరి, వేషపు సామగ్రిని ఎవరు చెక్కిరి అని అడిగి, చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసికొనినచో చాలును. చెప్పినవారి పేరును, నాటి తేదీని పుట అడుగున వేయుట మరువరాదు. చేతి ఫోనున గొంతును పట్టియుంచు సౌకర్యము మిక్కిలినేనివారికి లేకుండెను, మనకు కలదు. గ్రామపంచాయతీలు ఆ వ్రాతలను ఒకచోట చేర్చి భద్రపరుపవలెను. చిందు కుటుంబములవారిని పిలిచి, వారి సమ్మతితో, వారి యెదుటనే చదివించి తప్పులు దిద్దించవలెను. వారి చరిత్రము వారికి తెలియకుండ వ్రాయుట న్యాయము కాదు. ఈ పనికి పూనుకొనగోరువారు రాబోవు దసరా సెలవులలోనే ఆరంభింపవలెనని మా ఊరివారికిని, ఇరుగుపొరుగు గ్రామములవారికిని నా మనవి.