వికీపీడియా మారిన పనిముట్లు

పలువురు కలిసి ఒకే పుటను దిద్దుకొనుటకు వీలైన 'వికీ'ని 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ రూపొందించెను. హవాయీ భాషలో ఆ మాటకు 'త్వరగా' అని అర్థము. 2001 జనవరిలో వికీపీడియా ఆరంభమైనప్పుడు క్లిఫర్డ్ ఆడమ్స్ వ్రాసిన యూజ్‌మాడ్ వికీని ఎన్నుకొనిరి. అది సులువైనదే, కాని పాత ప్రతులను కొంతకాలమునకు తొలగించెడిది. ఎవరేమి దిద్దిరో తెలియనిచో తప్పును సరిచేయుట ఎట్లు? 2002 జనవరిలో మాగ్నస్ మాన్‌స్కే అను జర్మన్ విద్యార్థి డేటాబేసు ఆధారముగా వ్రాసిన క్రొత్త సాఫ్ట్‌వేర్ అమలులోనికి వచ్చెను. రద్దీ పెరుగగా లీ డేనియల్ క్రాకర్ దానిని తిరిగి వ్రాసెను. ఆ రూపము జూలైలో వాడుకకు వచ్చెను. 2003లో దానికే మీడియావికీ అని పేరు పెట్టిరి. అదే ఏట మొదలైన తెలుగు వికీపీడియా కూడ నేడు దీనిపైననే నడచుచున్నది. పోయినవనుకొన్న తొలి మార్పులు 2010లో పాత నకలులో దొరికినవి. కనుక పనిముట్టును ఎన్నుకొనువారు దాని వేగముతోపాటు, వ్రాసినదానిని అది ఎంతకాలము పదిలపరచునో కూడ విచారింపవలెను.