కడపసీమ ముగ్గురాయి, రాతినార

సంక్రాంతి నెలలో వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలికి బేరియము సల్ఫేటు అను పేరుతో పనిలేదు. ముగ్గుపిండి యంతయు ఒకే రాతినుండి వచ్చునని మేమనము; సుద్దయు, సున్నపురాతి పొడియు, బియ్యపుపిండియు కూడ అందులకు వాడుదురు. అయినను శాస్త్రజ్ఞులు బెరైటీసు అను ఖనిజమునకు మన భాషలో నిలిచిన పేరు ముగ్గురాయియే. అట్లే ఆస్బెస్టాసును మనము రాతినార యందుము. ఈ రెండును కడపసీమ సొత్తులు. ఒకే ప్రాంతమున పుట్టినను, పరిశ్రమలలో ప్రవేశించిన పిదప వీని చరిత్రలు వేరు త్రోవలు పట్టినవి.

కడప, కర్నూలు మండలములను ఆవరించి నెలవంకవలె వంగియున్న శిలాక్షేత్రము వైశాల్యము సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఈ శిలలను పరిశీలించి 1872లో విపులమైన గ్రంథమును ప్రకటించెను. మన యిండ్లలో అరుగులకును, వంటగట్లకును పరచు కడపరాళ్ళ మాట అందరెరిగినదే కనుక దానిని విడిచెదము.

ముగ్గురాయిని మొదటిసారి చేతికెత్తినవారు దాని బరువునకు ఆశ్చర్యపడుదురు. అదే పరిమాణముగల నీటికంటె అది నాలుగింతలకు మించి బరువు. ఈ బరువే దాని భాగ్యమును మార్చినది. ఇరువదవ శతాబ్ది మొదటి పాదమున పులివెందుల ప్రాంతపు వేముల, కొత్తపల్లె గ్రామముల చుట్టు లభించు తెల్లని రాతికి ముఖ్యముగా రంగుల పరిశ్రమలో ఆదరముండెడిది. 1920 తరువాత అమెరికాలో చమురు బావులు త్రవ్వువారు దీనికి మరియొక పని కనుగొనిరి. బావి త్రవ్వునపుడు గొట్టముగుండ బురదనీటిని లోనికి పంపుదురు. అది బరమా మొనను చల్లబరచి, తెగిన రాతిముక్కలను పైకి మోసికొని వచ్చును. అయితే లోతున అణగియున్న వాయువు ఒక్కసారిగా పైకెగసినచో బావియు, మనుష్యులును దగ్ధము కావలసినదే. ఆ ఒత్తిడిని అణచుటకు బురద బరువుగా నుండవలెను. మెత్తగా పొడిచేసిన ముగ్గురాయిని అందు కలుపుటకు కారణమిదియే. అది నీటిలో కరగదు, యంత్రములను అంతగా అరగదీయదు, వెల తక్కువ. కరగని గుణము చేతనే వైద్యులు ఎక్స్‌రే పరీక్షకు ముందు రోగిచే దీనిని నిర్భయముగా త్రాగింతురు. కరగు బేరియము లవణములు విషములని మరువరాదు.

ఓబులవారిపల్లె చేరువనున్న మంగంపేటలో బయల్పడిన నిక్షేపము వేరు జాతిది. పులివెందుల వైపున ముగ్గురాయి పగుళ్ళలో సన్నని తీగలుగా దొరకును. ఇచ్చట బూడిదవన్నె పొరలుగా పరచుకొని యున్నది. మొత్తము ఏడు కోట్ల టన్నులకు పైబడునని అంచనా. ప్రపంచమున ఒక్కచోట నింతటి రాశి అరుదు. 1961లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఈ గనిని నడుపుచున్నది. త్రవ్విన దానిలో అధికభాగము దేశదేశముల చమురు బావుల బురదలో కలిసిపోవును. కోట్ల యేండ్ల సంచయము కొన్ని దినముల పనికి వినియోగమై మరల భూమిలోనికే పోవుట చూడ మాకు ఒకింత చింత కలుగును.

ఇక రాతినార. సుమారు 190 కోట్ల యేండ్ల క్రిందట పులివెందుల ప్రాంతమున, వేంపల్లె పేరుతో పిలువబడు మెగ్నీషియమునిండిన సున్నపురాతి పొరలలోనికి కరగిన శిల చొచ్చుకొని వచ్చినది. ఆ వేడి తాకినచోట రాయి మారి, దాని చీలికలలో పట్టువంటి తెల్లని నార ఏర్పడినది. వేలితో దువ్విన పోగులు విడివడును, నిప్పునకు కాలదు. బ్రాహ్మణపల్లె పరిసరములలో దీనిని త్రవ్విరి. నిప్పు తాకని వస్త్రములకు, ఆవిరి గొట్టముల చుట్టలకు, సిమెంటుతో కలిపి పైకప్పు రేకులకు ఈ జాతి నార వాడుకయైనది.

కాని కంటికి కనబడనంత సన్నని ఆ పోగే ఊపిరితో లోనికి పోయి ఊపిరితిత్తులలో గ్రుచ్చుకొని నిలుచును. జబ్బు వెంటనే బయటపడదు. ఇరువది, ముప్పది యేండ్లకు గాని తెలియదు. పనివాడు గనిని విడిచి, ఊరు మారి, వృద్ధుడైన పిదప దగ్గు మొదలగును. అప్పుడు దానికి కారణము పూర్వపు కూలియని నిరూపించుట ఎట్లు? సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఇచ్చిన తీర్పు ఈ చిక్కునే పట్టుకొన్నది. రాతినార పనిలో చేరిన ప్రతివాని ఆరోగ్య వివరములను చేరిననాటినుండి 40 ఏండ్లవరకు గాని, పని మానిన తరువాత 15 ఏండ్లవరకు గాని, ఏది ఆలస్యమైన అంతవరకు భద్రపరచవలెనని న్యాయస్థానము ఆదేశించెను. ఇంతటి దీర్ఘకాలపు లెక్క వేరే ఖనిజము విషయమున మేమెరుగము. కాగితముపై గల ఈ రక్షణ కొండప్రక్క దినకూలికి ఎంతవరకు అందినదో విచారింపదగినది. హాజరుపట్టీయే లేనివానికి ఆరోగ్యపట్టీ ఎక్కడిది?

కొత్త గనులకు కౌలు ఇచ్చుటను కేంద్రప్రభుత్వము అంతకుముందే ఆపివేసినది. అయినను రేకుల కర్మాగారములు మూతపడలేదు. వానికి కావలసిన నార ఇప్పుడు ఓడలపై విదేశములనుండి వచ్చుచున్నది.