తాగి బండి నడిపితే వీసా ఏమవుద్ది?

మా పెద్దాపురం చుట్టుపక్కల ఊళ్ళలో పొలం తాకట్టెట్టి పిల్లల్ని అమెరికా, కెనడా పంపిన ఇళ్ళు నాకు చాలా తెల్సు. ఆ పిల్లలకి కన్సల్టెన్సీ వాళ్ళు అన్నీ చెప్తారు, ఈ ఒక్కటీ తప్ప. అందుకే నేను చెప్తున్నాను.

అమెరికాలో వీసా వేరు, స్టేటస్ వేరు. దేశంలోకి అడుగెట్టడానికి వీసా, అక్కడ ఉండడానికి స్టేటస్. తాగి నడిపి దొరికితే ముందు పోయేది వీసా. కోర్టు శిక్ష వెయ్యక్కర్లేదు, అరెస్టయితే చాలు. ఐదేళ్ళలోపు అలాంటి అరెస్టుంటే వీసా రద్దు చెయ్యొచ్చని 2015లోనే వాళ్ళ విదేశాంగ శాఖ చెప్పింది. స్టేటస్ ఉంటే అక్కడే ఉండొచ్చు. కానీ అమ్మకి బాగోలేదని ఇంటికొచ్చావా, మళ్ళీ ఇంటర్వ్యూ, డాక్టరు పరీక్ష. తిరిగెళ్తావన్న గ్యారంటీ లేదు.

మామూలు కేసు ఒక్కటైతే దాంతోనే దేశం నుంచి పంపెయ్యడం సాధారణంగా ఉండదు. డ్రగ్స్ దొరికినా, మనిషికి దెబ్బ తగిలినా లెక్క మారిపోద్ది. రెండు శిక్షలు పడితే ‘మంచి నడవడిక’ లేదనే ముందుగా అనుకోవాలని 2019లో అక్కడి అటార్నీ జనరల్ తేల్చారు. పౌరసత్వానికి అది అడ్డం.

కెనడా ఇంకా గట్టిది. 2018 డిసెంబరు 18 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళు. నీకు పడింది ఫైనే అయినా అది ‘తీవ్ర నేరం’ కిందకొస్తది, పీఆర్ కూడా పోవచ్చు. మన గోదావరి జిల్లాల వాళ్ళు ఎక్కువగా వెళ్ళే కువైట్‌లో అసలు మందే నిషేధం. కోర్టు దాకా పోకుండానే విమానం ఎక్కించెయ్యగలరు.

మరి ఇక్కడ దొరికితే? మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా ఫైను, లేదా రెండూ. “ఒప్పేసుకుని ఫైను కట్టెయ్‌రా” అంటారు పక్కనోళ్ళు. అది హెల్మెట్ చలానా కాదు తమ్ముడూ! కోర్టులో ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే. రేపు అమెరికా వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా’ అని అడుగుతారు. దాస్తే అది ఇంకో తప్పు, జన్మలో వీసా రాకపోవచ్చు. కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకీ చిక్కే.

పరాయి దేశంలో దొరికితే నేరం ఒప్పుకునే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలువు. ఈ సంగతి మన కాలేజీల్లో చెప్పాలని నేను అడుగుతూనే ఉంటాను. ఈలోగా నువ్వు నీ పక్కనోడికి చెప్పు. తాగిన రోజు తాళం వాడికియ్యి.