ఆన్‌లైన్ వీడియో రూపకర్తలు – పన్ను బాధ్యతలు

యూట్యూబ్ తదితర మాధ్యమాలలో వీడియోలు రూపొందించి స్వయం ఉపాధి పొందుతున్నవారి రాబడి వృత్తి లేదా వ్యాపార ఆదాయంగా పరిగణించబడుతుంది. విదేశీ సంస్థలు చెల్లించే ప్రకటనల సొమ్ము కూడా ఇందులో చేరుతుంది. కెమెరా తరుగుదల, ఇంటర్నెట్, ఎడిటింగ్ ఖర్చులను బిల్లుల ఆధారంగా మినహాయించుకోవచ్చును.

ముందస్తు పన్ను: టి.డి.ఎస్. పోగా చెల్లించవలసిన పన్ను 10,000 రూపాయలు లేదా అంతకు మించినచో, సాధారణంగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలోగా నాలుగు వాయిదాలలో చెల్లించాలి.

వస్తు రూప ప్రతిఫలం: ప్రచారం నిమిత్తం సంస్థలు ఇచ్చిన ఫోన్లు, దుస్తులు వంటివి తమవద్దే ఉంచుకొన్నచో వాటి విలువ కూడా ఆదాయమే. ఒక్కొక్క సంస్థ ఏడాదిలో ఇచ్చిన విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టి.డి.ఎస్. వర్తిస్తుంది. ఈ నిబంధన 2022 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. వినియోగించి తిరిగి అప్పగించిన వస్తువులకు ఇది వర్తించదు.

జి.ఎస్.టి.: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటినచో నమోదు తప్పనిసరి. నిబంధనల మేరకు సేవల ఎగుమతిగా గుర్తింపు పొందిన విదేశీ రాబడిపై పన్ను భారం ఉండదు. అయినను ఆ మొత్తం 20 లక్షల పరిమితి లెక్కలో చేరుతుంది. కావున పన్ను లేదన్న భావనతో నమోదును విస్మరించరాదు. నమోదైనవారు పన్ను చెల్లించకుండా ఎగుమతి చేయుటకు ప్రతి ఆర్థిక సంవత్సరం హామీ పత్రం దాఖలు చేయాలి.

ఒప్పందాలు, బిల్లులు, బ్యాంకు జమల వివరాలను భద్రపరచుకొనవలెను.