ఇంజిన్ ఆపమని చెప్పిందెవరు?

2019 నవంబరు 9. ఏషియానా ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ350 విమానం సియోల్ నుంచి సింగపూర్ వెళ్తోంది. దారిలో ఉన్నట్టుండి కుడి ఇంజిన్ ఆగిపోయింది. పైలట్లు మళ్లీ స్టార్ట్ చేయబోయారు, కాలేదు. విమానాన్ని మనీలాకు మళ్లించి, మిగిలిన ఒక్క ఇంజిన్‌తోనే క్షేమంగా దించారు.

రెండున్నర నెలలు తిరక్కుండానే, 2020 జనవరి 21న, డెల్టా ఎయిర్‌లైన్స్ వారి ఎ350 ఒకటి అమెరికాలోని డెట్రాయిట్ నుంచి సియోల్‌కి బయల్దేరింది. ఈసారీ కుడి ఇంజినే. ఈసారీ ఎవరూ ఆపకుండానే ఆగింది, స్టార్ట్ చేయబోతే మొండికేసింది. ఆ విమానం అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో దిగింది.

ఒక ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. దగ్గరి విమానాశ్రయం ఒక్క ఇంజిన్‌తో 370 నిమిషాల దూరంలో ఉండే దారుల్లో కూడా ఎగరడానికి ఎ350కి ధ్రువీకరణ ఉంది. కనుక ప్రాణాల సంగతి అలా ఉంచుదాం. ఇంజనీర్లకు నిద్ర లేకుండా చేసింది వేరే సంగతి. 2015 జనవరిలో ప్రయాణికుల సేవలోకి వచ్చిన కొత్త తరం విమానం అది. రెండు వేర్వేరు కంపెనీలు నడిపే రెండు విమానాల్లో, ఇంత తక్కువ వ్యవధిలో, ఒకే ఇంజిన్ ఒకే తీరుగా ఎందుకు ఆగాలి?

ఇలాంటప్పుడు అనుమానం మొదట ఇంజిన్ మీదికే పోతుంది. పైగా ఎ350కి రోల్స్‌రాయిస్ వారి ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ తప్ప మరో ఇంజిన్ లేదు. లోపం అందులోనే ఉంటే ప్రపంచంలో తిరుగుతున్న ఎ350లన్నీ అనుమానితులే. పక్షి దూరిందా? బ్లేడు విరిగిందా? ఇంధనం అందలేదా? ఇవన్నీ వేసుకోవాల్సిన ప్రశ్నలే. కానీ ఫ్లైట్ డేటా రికార్డర్ ఇచ్చిన మొదటి ఆనవాలు వీటన్నిటినీ పక్కకు నెట్టేసింది.

ఇంజిన్‌లోకి ఇంధనం వెళ్లే దారిలో హై ప్రెషర్ షటాఫ్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. అది మూసుకుంటే మంట ఆరిపోతుంది, ఇంజిన్ ఆగుతుంది. రెండు విమానాల్లోనూ ఆ వాల్వ్ మూసుకుంది, అదీ ఆదేశం మీద. ప్రతి ఇంజిన్‌కీ సొంత కంప్యూటర్ ఒకటి, ఎలక్ట్రానిక్ ఇంజిన్ కంట్రోలర్, ఉంటుంది. ‘మూసెయ్’ అన్నది ఆ కంప్యూటరే. అంటే ఇంజిన్‌కి జబ్బేమీ లేదు, దాని గొంతు ఎవరో నొక్కారు.

మరి కంప్యూటర్‌కి ఆ బుద్ధి ఎందుకు పుట్టింది? రెండో ఆనవాలు ఇక్కడ దొరుకుతుంది. ఆ కంప్యూటర్‌కి కాక్‌పిట్‌లోని ఇంటిగ్రేటెడ్ కంట్రోల్ ప్యానెల్ నుంచి సంకేతాలు వస్తుంటాయి. ఇద్దరు పైలట్ల మధ్యలో, చేతికందే ఎత్తులో ఉండే పలక అది. ఇంజిన్లను స్టార్ట్ చేసే, ఆపే స్విచ్‌లు ఉండేది అక్కడే. ఆ పలక నుంచి వచ్చిన సంకేతాలు ఒకదానికొకటి పొసగలేదని రికార్డుల్లో తేలింది. ఒక తీగ ఒకటి చెబుతుంటే ఇంకో తీగ ఇంకొకటి చెబుతోంది. ఆ గందరగోళంలో కంప్యూటర్ వాల్వ్ మూసేసింది. పైలట్లు మాత్రం ఆ స్విచ్‌ల జోలికే పోలేదు.

వాళ్ల చేతులు పోలేదు గానీ, వేరేది పోయింది. ఏషియానా విమానంలో ఇంజిన్ ఆగడానికి సుమారు గంట ముందు ఆ పలక ఉన్న చోట టీ ఒలికింది. డెల్టా విమానంలో పదిహేను నిమిషాల ముందు ఏదో పానీయం ఒలికి, ఎక్కువ భాగం ఇంజిన్ స్టార్ట్ ప్యానెల్ మీదే పడింది.

అయితే ఇక్కడ ఒక పేచీ ఉంది. తప్పు టీదే అయితే, ఒలికిన క్షణంలోనే ఇంజిన్ ఆగాలి కదా? గంటసేపు అన్నీ మామూలుగా నడిచి, అందరూ టిష్యూ పేపర్లతో తుడిచేసి, సంగతి మరిచిపోయే వేళకు ఆగడమేమిటి? నన్నడిగితే ఈ కథలో అసలు చిక్కుముడి ఇదే. మిగతాదంతా రికార్డర్ చదివితే తెలిసేదే. ల్యాప్‌టాప్ మీద టీ ఒలకబోసుకున్న వాళ్లు కూడా రిపేరు షాపులో అడిగేది ఇదే ప్రశ్న: “నిన్నటిదాకా బాగానే పనిచేసిందండీ, ఇవాళ పొద్దున చచ్చింది. టీ పోసింది మొన్న కదా?”

దీనికి జవాబు రసాయన శాస్త్రంలో ఉంది. శుద్ధమైన నీటిలో విద్యుత్తు అంతగా పారదు. కానీ టీ శుద్ధమైన నీరు కాదు. అందులో ఆకు నుంచి దిగిన లవణాలుంటాయి, పాలు కలిస్తే పాల లవణాలూ తోడవుతాయి. కూల్‌డ్రింక్ అయితే ఆమ్లం కూడా ఉంటుంది. అలాంటి ద్రవం మీట అంచు నుంచి, స్క్రూ పక్క నుంచి, తీగ వెంబడి మెల్లగా లోపలికి పాకుతుంది. పైన తుడిచిన గుడ్డకి అందేది పైన ఉన్నదే. సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తానే ఎక్కిపోతుంది, దానికి వాలు అక్కర్లేదు. సర్క్యూట్ బోర్డు చేరడానికి ఒక్కోసారి నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి గంటలు.

చేరాక రెండో పని మొదలవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు లోహపు దారుల మధ్య వోల్టేజీ ఉండి, మధ్యలో తడి ఉంటే, ధన ధ్రువం వైపు లోహం కొంచెం కొంచెంగా ఆ తడిలో కరుగుతుంది. కరిగిన అయాన్లు రుణ ధ్రువం వైపు నడిచి అక్కడ మళ్లీ లోహంగా పేరుకుంటాయి. పేరుకున్నది చెట్టు కొమ్మల్లా చీలుతూ ఎదురు దారివైపు పెరుగుతుంది. రాగి కరుగుతుంది, తగరం కరుగుతుంది, వెండి మరీ తొందరగా నడుస్తుంది. చాలా కీబోర్డుల్లో ప్లాస్టిక్ పొరల మీద అచ్చువేసిన దారులు వెండివే. కొమ్మ కొస అవతలి దారిని తాకిన క్షణంలో షార్ట్ అవుతుంది. కరెంటు ఎక్కువగా పారితే ఆ సన్నని కొమ్మ కాలిపోయి తెగిపోతుంది, తడి ఇంకా ఉంటే మళ్లీ పెరుగుతుంది. అందుకే తడిసిన యంత్రం ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి మొరాయిస్తుంది, ఎవరూ నొక్కకుండానే తెరమీద అక్షరాలు పడుతుంటాయి.

ఆ రెండు పలకల లోపల జరిగిందంతా అక్షరాలా ఇదేనని నేను అనడం లేదు. కానీ ఒకదానికొకటి పొసగని సంకేతాలు, ఆలస్యంగా వచ్చిన దెబ్బ, ఈ రెండూ కలిసి తడిసిన ఎలక్ట్రానిక్స్ నడవడికకు అచ్చంగా సరిపోతాయి. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాకపోవడం కూడా అందులోకే వస్తుంది. ‘స్టార్ట్’ అని చెప్పాల్సింది తడిసిన ఆ పలకే కదా! చెప్పే నోరు చెడితే ఇంజిన్ ఎంత బాగున్నా ఏం లాభం?

ల్యాప్‌టాప్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆపేస్తే చాలనుకుంటారు చాలామంది. బ్యాటరీ లోపలే అతుక్కుని ఉండే యంత్రంలో, ఆఫ్ చేశాక కూడా కొన్ని దారుల్లో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది, లోపల కరిగే పని సాగుతూనే ఉంటుంది. చక్కెర విద్యుత్తును మోయదు గానీ, ఆరాక జిగురుగా మిగిలి గాలిలోని తేమను పట్టుకుంటుంది. బియ్యం డబ్బాలో పాతిపెట్టే వైద్యం వల్ల నీరు పోవడం మాట అటుంచి, ఆ లవణాలూ చక్కెరా ఎక్కడికీ పోవు. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కంపెనీ కూడా 2024లో చెప్పింది. రిపేరు తెలిసినవాడు చేసేది బ్యాటరీ ఊడదీసి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగడం. ఆకాశంలో పైలట్‌కి ఆ అవకాశం ఎలాగూ లేదు.

ఇక మిగిలింది, టీ అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న. చేయి జారింది, అంతే కదా అని వదిలేయొచ్చు. విమాన ప్రమాదాల దర్యాప్తు చేసేవాళ్లు అలా వదలరు, అది వాళ్ల గొప్పతనం. ఎ350 ఘటనలకు కొన్ని నెలల ముందు, అదే ఎయిర్‌బస్ కుటుంబంలోని ఎ330 ఒకటి ఇలాగే చిక్కుల్లో పడింది. 2019 ఫిబ్రవరి 6న కాండోర్ అనే విమానయాన సంస్థ నడిపే ఆ విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మెక్సికోలోని కాన్‌కున్ వెళ్తోంది. 326 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. అట్లాంటిక్ మీద ఉండగా కెప్టెన్ ముందున్న మడత బల్ల మీది కాఫీ కప్పు తిరగబడింది. చాలా వరకు ఆయన ఒళ్లోనే పడింది. కాస్త మాత్రం ఆయన పక్కనున్న ఆడియో కంట్రోల్ ప్యానెల్ మీద పడింది. రేడియోలో మాట్లాడటానికి, వినడానికి వాడే పలక అది. కాసేపటికి అది వేడెక్కి పనిచేయడం మానేసింది. దాదాపు ఇరవై నిమిషాల తర్వాత కో-పైలట్ వైపున్న పలక కూడా వేడెక్కింది. దానిమీది ఒక బటన్ కరగడం మొదలై పొగ వచ్చింది. పైలట్లు వంతులవారీగా ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుంటూ విమానాన్ని ఐర్లండ్‌లోని షానన్‌కు మళ్లించారు.

బ్రిటన్ దర్యాప్తు సంస్థ అయిన ఎయిర్ యాక్సిడెంట్స్ ఇన్వెస్టిగేషన్ బ్రాంచ్ దీన్ని పరిశీలించింది. కాక్‌పిట్‌లో కప్పు పెట్టుకోవడానికి హోల్డర్ ఉంది. మరి కెప్టెన్ అందులో ఎందుకు పెట్టలేదు? ఆ కంపెనీ వాడుతున్న కప్పు హోల్డర్‌లో సులభంగా పట్టదు. పట్టని చోట పెట్టి ఇరికించుకునే బదులు అందరూ బల్లమీదే పెట్టేవారు. కప్పుకి మూత కూడా లేదు. దర్యాప్తు కెప్టెన్ చేయి దగ్గర ఆగకుండా కప్పు కొలత దాకా వెళ్లింది చూశారా, నాకు అది బాగా నచ్చింది.

ఎయిర్‌బస్ కాక్‌పిట్ తీరు కూడా కొంత కారణమే. బోయింగ్ విమానాల్లో పైలట్ ఒళ్లో పెద్ద కంట్రోల్ కాలమ్ ఉంటుంది. ఎయిర్‌బస్‌లో దాని బదులు పక్కన చిన్న సైడ్‌స్టిక్ ఉంటుంది, ముందంతా ఖాళీ. ఆ ఖాళీలో భోజనానికి మడత బల్ల వచ్చింది. ఇక టీ కాఫీలు వచ్చేది వెనక నుంచి. ఇద్దరి భుజాల మధ్య నుంచి అందిస్తే కప్పు దాటాల్సింది సరిగ్గా ఆ మధ్య పలక మీదుగానే. గోడవైపు నుంచి అందించడం మంచి పద్ధతి అని ఎంత చెప్పినా, సుదీర్ఘ ప్రయాణంలో నిద్ర ఆపుకునే మనిషికి కప్పు ఎటునుంచి వచ్చిందన్న ధ్యాస ఉండదు.

ఈ ప్రమాదాన్ని ఎవరూ ఊహించలేదా అంటే, సినిమావాళ్లు అరవై ఏళ్ల కిందటే ఊహించారు. 1964లో వచ్చిన ‘ఫేట్ ఈజ్ ది హంటర్’ అనే హాలీవుడ్ సినిమాలో గ్లెన్ ఫోర్డ్ కూలిన విమానం గుట్టు తేల్చడానికి పూనుకుంటాడు. చివరికి అదే ప్రయాణాన్ని మళ్లీ చేసి చూస్తారు. కాఫీ కప్పు ఒలికి, తీగలు తడిసి, లేని ప్రమాదానికి హెచ్చరిక మోగుతుంది. గుట్టు అదే. అప్పట్లో ఆ మలుపు చూసి కథకుడి కల్పన అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. 2011 జనవరిలో షికాగో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్న యునైటెడ్ విమానంలో నిజంగానే కాఫీ ఒలికింది. రేడియో పరికరాలు చెడి, విమానం హైజాక్ అయిందని చెప్పే 7500 కోడ్ కూడా బయటికి వెళ్లిపోయింది. విమానం టొరంటోలో దిగింది. హైజాకర్ ఎవరో కాదు, ఓ కప్పు కాఫీ!

సినిమావాళ్లు అంత ముందే ఊహించినా, ఎ350 మధ్య పలకను తయారుచేసిన రోజున టీ గురించి తగినంత ఆలోచించలేదనే అనాలి. కొన్ని థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు మీద నీరు ఒలికితే కిందికి కారిపోవడానికి రంధ్రాలుంటాయి. అంటే విద్యార్థి టీ తాగుతూ చదువుతాడని ఒక కంపెనీ ముందే అనుకుంది. రాత్రంతా మేలుకునే పైలట్లూ తాగుతారు కదా! ఇంకో భయం కూడా ఉంది. ఎడమ ఇంజిన్, కుడి ఇంజిన్, రెండింటి స్విచ్‌లూ ఆ ఒక్క పలక చుట్టుపక్కలే. రెక్కల కింద ఇంజిన్లను ఎంత దూరదూరంగా పెట్టినా, వాటి ఇంధనాన్నీ కంప్యూటర్లనూ వేరుచేసినా, ఒక్క కప్పు టీకి రెండూ అందుబాటులోనే ఉన్నాయి.

2020 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ విమాన భద్రతా సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చింది. కాక్‌పిట్‌లో ఫలానా మేర ద్రవాలు నిషిద్ధం అని గీత గీసింది, పొరపాటున ఒలికితే ఏం చేయాలో కూడా చెప్పింది. ఆ తర్వాత ఎయిర్‌బస్ ఆ పలక మీద పెట్టి తీయగలిగే మూత ఒకటి తయారుచేసింది. అంతకు ముందే కాండోర్ తన సర్వీసులన్నిటిలో కప్పులకు మూతలు పెట్టించింది.

ఒకరు కప్పుకి మూత పెట్టారు, ఇంకొకరు పలకకి పెట్టారు. ఏది మేలంటే నేను పలక వైపే మొగ్గుతాను. కప్పు మీది మూత చక్కెర కలపడానికి తీస్తారు, చల్లారనివ్వడానికి తీస్తారు, తీసినది బల్లమీదే ఉండిపోతుంది. పలక మీది మూతకు అలా తీసే అవసరం తక్కువ. కాకపోతే అది మనిషి చేత్తో పెట్టాల్సినదే కాబట్టి, పెట్టడం మరిచిపోయే రోజు కూడా వస్తుంది. హోల్డర్‌లో పట్టే కప్పు కొనడం ఈ రెండింటికన్నా చవక.